ఉత్తరం కిటికీలో ఎండ

గోడలక్క అంటే ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలా కాసే మనిషి నుంచి పై అంతస్తు పెద్దసారు దాకా అందరికీ ఆవిడ గోడలక్కే. భవనాలకి బయటి గోడలు ఎలా ఉండాలో లెక్క కట్టి, బొమ్మ గీసి, దగ్గరుండి కట్టించడం ఆవిడ పని. లోపలి గదుల సంగతి ఒకరు చూస్తారు, పునాదుల సంగతి ఇంకొకరు చూస్తారు. ఎండా వానా వచ్చి ముందుగా ఏ గోడకి తగులుతాయో ఆ గోడ ఈవిడది. "ఇంత చదువూ చదివి చివరికి గోడలు పట్టుకుని వేలాడుతున్నావేంటే?" అని ఒకసారి వాళ్ళ పెద్దమ్మ నొచ్చుకుంది. "ఏం చెయ్యను పెద్దమ్మా, అందరూ లోపలికెళ్ళి కూర్చుంటే బయట నిలబడి ఎండతో పోట్లాడే మనిషి ఒకరుండాలి కదా" అంది ఈవిడ. నోటికి మాత్రం ఏ లోటూ లేదు.

ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే గోడ మీద అరచెయ్యి ఆనించి చూసే అలవాటు ఆవిడకి. "ఏమ్మా, మా గోడకి జ్వరమొచ్చిందా ఏంటి?" అని ఇంటివాళ్ళు నవ్వుతారు. "వచ్చింది, పడమటి గోడకి. అందుకే మీ ఆయన మంచం హాల్లోకి లాక్కున్నాడు" అని మొహమ్మీదే చెప్పేస్తుంది. ఆ మాట నిజమే అయినా నలుగురిలో అనొచ్చా? అంటుంది. అందుకే చుట్టాలకి ఆవిడంటే కొంచెం భయం, చాలా ఇష్టం.

భర్త దర్జీ. పెళ్ళైన కొత్తలో ఒక వేసవిలో ఆయన ఎవరికో చొక్కా కొలతలు తీస్తూ, "ఎండలో తిరిగేవాళ్ళకి బిగుతుగా కుట్టకూడదండీ, ఒంటికీ బట్టకీ మధ్య గాలి ఆడాలి" అన్నాడు. పక్కన కూర్చుని గుండీలు ఏరుతున్న ఈవిడ ఆ మాట పట్టేసుకుంది. ఈవిడ గోడలన్నీ ఆ చొక్కా లెక్కే. అన్నిటికన్నా బయట కాల్చిన మట్టిపలకలు. వాటి వెనక గాలి ఆడే సందు. కింద నుంచి చల్లగాలి ఆ సందులోకి దూరి, వేడెక్కి, పైనుంచి వెళ్ళిపోతుంది. దాని వెనక రాయిని కరిగించి దూదిలా తీసిన మెత్తటి పలకలు, ఆ తర్వాత అసలు గోడ. ఎండ మట్టిపలకల దగ్గరే అలిసిపోతుంది, గదిలోకి వచ్చే ఓపిక దానికి ఉండదు. "నా చొక్కా తీసుకెళ్ళి ఊళ్ళో భవనాలకి తొడిగింది మా ఆవిడ" అని దర్జీ బావగారు ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఈవిడ కాదనదు.

ఇక అన్నయ్య. గోడలక్కకి తోడబుట్టినవాడు ఆయనొక్కడే. తండ్రి పోయినప్పుడు ఇద్దరూ బడిలోనే ఉన్నారు. ఇంట్లో ఒకరే చదువుకునే పరిస్థితి వస్తే, అన్నయ్య సంచీ మూలన పడేసి అద్దాల కొట్లో పనికి కుదురుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వేళ్ళ నిండా గీతలు గీతలుగా గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. కొన్నాళ్ళకి సొంతంగా మనుషుల్ని పెట్టుకుని దుకాణాలకీ వరండాలకీ అద్దాలు బిగించే పని మొదలుపెట్టాడు. పని బాగానే నడిచేది కానీ ఆయన మనసులో ఒక వెలితి ఉండేది. "నేను కోసిన అద్దాల్లో ఊళ్ళో సగం మంది తల దువ్వుకుంటున్నారు చిన్నీ. ఈ పని ఫలానా వాడిదని ఒక్కడికైనా తెలుసా చెప్పు" అనేవాడు. ఒక్కటంటే ఒక్క భవనం, మొత్తం ముఖమంతా తన అద్దమే ఉండాలి, రోడ్డున పోయేవాళ్ళు తలెత్తి చూడాలి. అదీ ఆయన కోరిక.

ఆ భవనం దొరికింది. దొరికింది కూడా ఎక్కడ? గోడలక్క బయటి గోడలు చేసిన ఆసుపత్రికి సరిగ్గా ఎదురుగా.

ఆసుపత్రికి కొత్తగా కట్టిన ఆ భాగం పసిపిల్లల కోసం. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళనీ, బరువు చాలనివాళ్ళనీ పెట్టే గది నాలుగో అంతస్తులో ఉంది. గోడలక్క ఆ బొమ్మలు గీసే రోజుల్లో ఎదురుగా పాత గోదాము, దాని ముందు ఖాళీ స్థలం తప్ప ఏమీ లేవు. పడమటి గోడకి తన చొక్కా తొడిగింది. ఉత్తరం వైపు పెద్ద పెద్ద కిటికీలు పెట్టించింది. అక్కడ ఎండ పడదు, వెలుతురు మాత్రం దండిగా వస్తుంది. "పిల్లల తొట్లు ఉత్తరం గోడ పక్కన పెట్టండి, అదే అన్నిటికన్నా చల్లటి చోటు" అని ఆసుపత్రివాళ్ళకి తనే చెప్పింది. ప్రాణవాయువు గొట్టాలు కూడా ఆ గోడలోంచే తీశారు.

ఆ పని సగంలో ఉండగా గోదాము కూల్చారు. అద్దాల భవనం లేవడం మొదలైంది, అద్దం పని అన్నయ్యకి వచ్చింది. ఓనరుకి మోజు ఎక్కువ. భవనం ముఖం తిన్నగా కాకుండా గరిటె లోపలి వంపులా లోపలికి వంగి ఉండాలన్నాడు. అది దక్షిణం ముఖం, పొద్దంతా ఎండ. అన్నయ్య పరిగెత్తుకుంటూ చెల్లెలి దగ్గరికి వచ్చి, "ఏ అద్దం పెట్టమంటావే? లోపల కూర్చున్నవాళ్ళు ఉడికిపోకూడదు, ఓనరు నన్ను తిట్టకూడదు" అన్నాడు. ఈవిడ రెండు రోజులు లెక్కలు కట్టి, పైన సన్నటి వెండిపూతలాంటిది ఉన్న అద్దం ఎంచి ఇచ్చింది. "ఇది ఎండని గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది అన్నయ్యా, లోపలికి రానివ్వదు" అంది గర్వంగా. అన్నయ్య మురిసిపోయాడు. లెక్కల్లో ఒక్క తప్పు లేదు, ఇవాళ ఎవరు చూసినా లేదు. ఆ భవనం లోపల ఎంత చల్లగా ఉంటుందో మాత్రమే చూసింది మహాతల్లి. ఆసుపత్రి పని తన దృష్టిలో అప్పటికే అయిపోయింది, మనసులోంచి ఆ కాగితాలు చుట్టి అటక మీద పెట్టేసింది. రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

కంటికైనా కనపడకూడదా అంటే, కనపడే వీలు లేకపోయింది. కొత్త అద్దం మీద గీతలు పడకుండా పాలమీగడ రంగులో ఒక పల్చటి పొర అంటించి వస్తుంది. పని మొత్తం అయ్యేదాకా దాన్ని తీయరు. ఆ పొర ఉన్నంతకాలం ఆ భవనం ముఖం మబ్బుపట్టిన ఆకాశంలా, చచ్చు తెలుపులో ఉండేది.

అసలు రోజు వచ్చింది. పిల్లల పాత వార్డు రేకుల షెడ్డు. ముందురోజు అక్కడి చల్లగాలి మిషను పొగ కక్కి ఆగిపోయింది. బాగుచేసేవాళ్ళు వచ్చి చూసి పెదవి విరిచారు. ఇంకేముంది, మర్నాడు సాయంత్రానికల్లా పిల్లల్ని కొత్త గదికి మార్చెయ్యాలన్నారు. పెద్ద డాక్టరమ్మ మాత్రం ఒక మెలిక పెట్టింది. ఆవిడ మాటలు తక్కువ మనిషి, నవ్వడం ఇంకా తక్కువ.

"కొత్త గదిలో కూడా కరెంటు పోతే? మిషను ఆగిపోతే? అక్కడా ఇదే గతి పడితే మార్చడమెందుకు?" అంది.

"ఆగినా నా గోడ కాస్తుందండీ" అంది గోడలక్క.

"అయితే రేపు పొద్దున్నుంచి ఆ గదిలో మిషను ఆపేసి చూద్దాం. మీ గోడ కాస్తే పిల్లలు వస్తారు. లేకపోతే లేదు."

డాక్టరమ్మ గోడకి ఉష్ణమాపకం తగిలించి, దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసింది. పాదరసం ఆ గీత దాటకూడదు. అంతే పరీక్ష.

మర్నాడు పొద్దు పైకెక్కింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. గోడలక్క చెప్పులు బయట విప్పేసి, గదిలో పడమటి గోడ పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఉండుండి గోడకి అరచెయ్యి ఆనించడం, ఉష్ణమాపకం వైపు చూడటం. అన్నం తినమని భర్త ఫోను చేస్తే, "నాకు గొంతు దిగదు, నువ్వు తినెయ్" అని పెట్టేసింది. గోడ చల్లగానే ఉంది. పాదరసం ఎర్ర గీతకి బాగా కింద, ఎక్కడిదక్కడే ఉంది. పెద్ద నర్సమ్మ వచ్చి చూసి, "మీ గోడకి దణ్ణం పెట్టాలమ్మా! మా షెడ్డులో ఈపాటికి బట్టలు పిండుకుంటూ ఉంటాం" అంది. డాక్టరమ్మ కూడా వచ్చి గీతని చూసి, "సరే, మొదలుపెట్టండి. ముందు ఆ ఆడపిల్లని తీసుకురండి, దానికి ఊపిరి సరిగ్గా ఆడటం లేదు" అంది. ఆ మాటకి గోడలక్కకి ప్రాణం లేచొచ్చింది.

నర్సమ్మ కిటికీ కింద తొట్లు వరసగా పేర్చి, తెల్లటి దుప్పట్లు పరిచి, వాటి మీద పలచటి, లోపలికి కనపడే ప్లాస్టిక్ గూళ్ళు బోర్లించింది. సరిగ్గా అప్పుడు మొదటి తొట్టి మీద ఒక వెలుగు ముక్క పడింది.

తువ్వాలంత వెలుగు. ఎవరో ఎదుట అద్దం పట్టుకుని ఆడుతున్నారనుకుంది గోడలక్క. ఇంతలో దాని పక్కనే ఇంకొకటి పడింది. తర్వాత ఇంకొకటి. మూడూ మెల్లగా జరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తెల్ల దుప్పటి చూడటానికి కళ్ళు చాలనంతగా వెలిగిపోయింది. ఉత్తరం కిటికీలో ఎండేంటి?

లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. రోడ్డవతల భవనం ముఖం మీద తాళ్ళకి వేలాడే తొట్టెలో పనివాళ్ళు నిలబడి, అద్దాల మీది పాలపొర ఒలుస్తున్నారు. పొర ఊడిన ప్రతి అద్దం భగ్గుమంటోంది. సూర్యుణ్ణి ముక్కలు చేసి ఆ వంపంతా అతికించినట్టుంది. కింద కాలిబాట మీద అన్నయ్య రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. ఫోను మోగింది.

"చూశావా చిన్నీ! ఎలా ఉంది? దిగి రావే ఒకసారి, కింద నుంచి చూడాలి దీన్ని!"

వెనక నుంచి నర్సమ్మ "అయ్యయ్యో!" అని కేక పెట్టింది. తిరిగి చూస్తే మొదటి తొట్టి మీది ప్లాస్టిక్ గూడు అంచు మెత్తబడి కిందకి వాలుతోంది. కాలిన వాసన గదంతా కమ్మింది. గుమ్మంలో ఇంకో నర్సు ఆ ఆడపిల్లని గుడ్డల్లో చుట్టి గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే ఆ పాప ఆ తొట్టిలోనే ఉండేది.

"లోపలికి రావద్దు!" అని అరిచింది డాక్టరమ్మ. "ఎక్కడి నుంచి ఇది?"

తోసేసిన ఎండ ఎక్కడికి పోతుంది? ఎక్కడికో ఒక చోటికి పోవాల్సిందే కదా. తన చేత్తో ఒక గుమ్మంలోంచి గెంటింది, అది రోడ్డు దాటి తన సొంత కిటికీలోకే వచ్చింది. అంతా ఒక్క క్షణంలో బోధపడింది గోడలక్కకి. అబద్ధమాడాలన్న ఆలోచన కూడా రాలేదు.

"ఎదుటి అద్దం లోంచండీ. ఆ అద్దం ఎంచింది కూడా నేనే."

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "ఎవరు ఎంచారో తీరిగ్గా మాట్లాడుకుందాం. షెడ్డులో పిల్లలు వాడిపోతున్నారు. ఈ పాపని మళ్ళీ అక్కడికి పంపితే ఏమవుతుందో నేను చెప్పలేను. నాకిప్పుడు నీడ కావాలమ్మా."

నీడ! మిషను వేసినా గాలే చల్లబడుతుంది, తొట్టి మీది మంట ఆగదు. తెరలు కడదామంటే, వేడి కిటికీ అద్దం దాటి లోపలికొచ్చాక తెర ఏం ఆపుతుంది? పైగా దుమ్ము పడుతుందని ఆ గదిలో గుడ్డ తెరలు నిషేధం. బయట టార్పాలిన్ దించుదామంటే గదికి గాలి తీసుకునే జాలీలన్నీ ఆ గోడకే ఉన్నాయి, మూస్తే ఊపిరాడదు. తొట్లు జరుపుదామంటే ప్రాణవాయువు గొట్టాలు ఆ గోడని వదిలి రావు. ఎటు తిరిగినా తను గీసిన గీతే అడ్డం వస్తోంది. పాదరసం కదిలింది. ఎర్ర గీత వైపు పాకడం మొదలుపెట్టింది.

ఫోను తీసింది. "అన్నయ్యా, ఆపించు. ఆ పొర తియ్యడం ఆపించు."

"ఆపడమేంటే? ఓనరు కాసేపట్లో వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి మొత్తం తళతళలాడాలి."

"నీ అద్దం లోంచి ఎండ వచ్చి ఇక్కడ పిల్లల తొట్లు కాలిపోతున్నాయి!"

"నా అద్దం పిల్లల్ని కాలుస్తోందా?" అన్నయ్య గొంతు మారిపోయింది. "ఏం మాట్లాడుతున్నావు నువ్వు? ఈ అద్దమే పెట్టమన్నది ఎవరు?"

"నేనే. నేనే పెట్టమన్నాను. నా బుద్ధి గడ్డి తింది. ఒక్కసారి పైకి రా అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఫోను కట్టయింది. కిటికీలోంచి చూస్తే ఆయన రోడ్డు దాటుతున్నాడు, ఒక బండివాడు హారన్ కొట్టి తిట్టినా తల తిప్పకుండా. నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. గుమ్మంలో అడుగు పెడుతూనే, "పదిమంది పనివాళ్ళ ముందు నన్ను..." అని మొదలుపెట్టి, పాపని ఎత్తుకున్న నర్సుని చూసి నోరు మూసుకున్నాడు.

గోడలక్క ఎదురెళ్ళింది. ఆయన మణికట్టు పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, ఆ వెలుగులోకి చెయ్యి చాపించింది. ఆ గాట్ల వేళ్ళు ఒక్కసారి వెలిగాయి. ఆయన ఓర్చుకుని కాసేపు ఉంచాడు, తర్వాత చటుక్కున లాక్కున్నాడు. వంగిపోయిన ప్లాస్టిక్ గూడు చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి తన భవనాన్ని చూడబోయాడు, చూడలేక కళ్ళు మూసుకున్నాడు. తన పనిని ఇటు నుంచి చూడటం ఆయనకి అదే మొదలు.

"ఒక్కరోజు చిన్నీ" అన్నాడు చాలా మెల్లగా. "ఒక్కరోజు అది మెరుస్తుంటే నలుగురూ చూస్తారనుకున్నాను."

గోడలక్కకి ఏడుపు ఆగలేదు. దాచుకోనూ లేదు. "నాదే తప్పు అన్నయ్యా. అందరి ముందూ చెప్తాను."

"ఎవరిదన్నది తర్వాత కొట్టుకుందాం. ఒకసారి ఒలిచిన పొర మళ్ళీ అంటుకోదు. దాని మీద ఏం పూస్తే మెరుపు చస్తుందో చెప్పు."

ఈవిడ కిటికీలోంచి కిందకి చూసింది. ఏం పూయాలో తెలుసు. ఆసుపత్రి ప్రహరీకి వెల్ల వేస్తున్నారు, ఆవరణలో పీపాల నిండా కలిపిన సున్నం ఉంది. కానీ ఆ మాట ఆయనతో ఎలా అనడం? అద్దాల పనివాడు సున్నాన్ని దగ్గరికి రానివ్వడు. పక్క గోడకి సున్నం కొడుతున్నారంటే చాలు, అన్నయ్య తన అద్దాలకి దుప్పట్లు కప్పి కాపలా కూర్చునే రకం. ఎండలో సున్నం పడి ఎండిందంటే అద్దాన్ని తినేస్తుంది, మరక జన్మలో పోదు. సుద్దపొడి అయితే కడిగితే పోతుంది. అంత సుద్దపొడి ఎక్కడో వెతికి తెచ్చేసరికి పొద్దు గుంకుతుంది.

ఆయన కూడా కిటికీలోంచి ఆవరణలోకి చూశాడు. పీపాలు కనపడ్డాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"డాక్టరమ్మా" అన్నాడు అన్నయ్య, "ఈ బిడ్డ ఎంతసేపు ఆగగలదండీ?"

"ఆగలేదు" అంది డాక్టరమ్మ.

అన్నయ్య వెనక్కి తిరిగాడు. దిగిపోయాడు.

రోడ్డవతల పనివాళ్ళకి మతి పోయింది. పీపా దొర్లించుకుంటూ వస్తున్న అన్నయ్యని చూసి, "అన్నా, అద్దం మీద సున్నమా? నీకేమైనా అయిందా?" అని ఒకడు అడ్డం నిలబడ్డాడని తర్వాత తెలిసింది. "తప్పుకోండి, మీ చేత్తో చెయ్యమనను" అన్నాడట. చీపురుకట్టలాంటి పెద్ద కుంచె తీసుకుని తనే తాళ్ళ తొట్టె ఎక్కాడు. పైన ఉన్నవాళ్ళు తాళ్ళు లాగారు.

ఫోను చెవికి ఆనించుకుని గోడలక్క తొట్ల మధ్య నిలబడింది. ఏ అద్దం వెలుగు ఏ తొట్టి మీద పడుతోందో అక్కడున్న ఆయనకి తెలియదు. ఇక్కడున్న ఈవిడే చెప్పాలి.

"ఇంకా ఎడమకి... కొంచెం పైకి... అదే, అదే కొట్టు!"

ఒక వెలుగు ముక్క మసకబారి ఆరిపోయింది.

"దాని పక్కది. కాదు, ఇటు పక్కది!"

ఇంకొకటి ఆరింది. ఫోనులో కుంచె చప్పుడు, అన్నయ్య రొప్పు వినపడుతున్నాయి. పాదరసం మాత్రం కిందకి దిగడం లేదు. ఎర్ర గీతని ముట్టుకుని అక్కడే ఉంది. గుమ్మంలో నర్సు పాప ఛాతీ వైపే చూస్తూ ఏదో గొణుక్కుంటోంది. డాక్టరమ్మ చిన్న గొట్టంతో పాప ముక్కు దగ్గర గాలి పట్టి నిలబడింది.

చివరికి ఒక్క వెలుగే మిగిలింది. అదీ ఆ మొదటి తొట్టి మీదే. వంపు చివర, పై మూల అద్దం అది. తాళ్ళ తొట్టె అక్కడిదాకా వెళ్ళదు.

"అందడం లేదే" అన్నాడు అన్నయ్య. "ఉండు, బయటికి వంగుతాను."

"నడుముకి తాడు కట్టుకున్నావా? అన్నయ్యా! కట్టుకున్నావా లేదా?"

"కట్టుకున్నాను తల్లీ, నువ్వు దారి చెప్పు."

ఆయన ఆ అద్దానికి అడ్డంగా వంగాడు. తెల్ల దుప్పటి మీది వెలుగులోకి ఒక నీడ వచ్చింది. అంచులు చెరిగిపోయి, మసగ్గా, మనిషి నీడ. తలా, భుజం, చాచిన చెయ్యి. ఆ చెయ్యి పైకీ కిందకీ ఆడుతోంది. ఆడినప్పుడల్లా తొట్టి సగం చీకటవుతోంది, మళ్ళీ వెలుగవుతోంది. గోడలక్క "అక్కడే అన్నయ్యా... అక్కడే... ఇంకొంచెం" అంటోంది, తన గొంతు తనకే వినపడనంత చిన్నగా.

వెలుగు పలచబడింది. నీడ కూడా అందులో కలిసిపోయింది. తర్వాత తొట్టి మీద మామూలు దుప్పటి తెలుపు తప్ప ఏమీ లేదు.

అందరూ ఉష్ణమాపకం వైపు తిరిగారు. పాదరసం కదల్లేదు. కాసేపటికి కూడా కదల్లేదు. మిషను వెయ్యమంది డాక్టరమ్మ, ఇక పరీక్షలేంటి అని. చల్లగాలి వచ్చింది. పాదరసం ఎర్ర గీతని వదిలి, అయిష్టంగా, దిగింది. కరిగిన గూడు తీసేసి కొత్తది తెచ్చారు. డాక్టరమ్మ తన చెయ్యి దుప్పటి మీద పెట్టి చూసుకుంది.

"పడుకోబెట్టండి" అంది.

నర్సు పాపని తొట్టిలో పెట్టింది. గొట్టం తగిలించారు. అంత చిన్న ఛాతీ, పిడికిలంత ఉందో లేదో, ఎగిరెగిరి పడుతున్నది కాస్తా మెల్లగా కుదుటపడింది. గుమ్మం బయట తక్కిన నర్సులు ఒక్కొక్కరూ ఒక్కో మూటతో వరసగా నిలబడ్డారు.

"పడుకోబెట్టారు అన్నయ్యా" అంది గోడలక్క ఫోనులో.

కిటికీలోంచి చూస్తే ఆ భవనం ముఖమంతా తెల్లటి చారికలు, కారిన మరకలు. ఆయన ఇంకా పైనే, తొట్టె అంచు పట్టుకుని కూలబడి ఉన్నాడు. కింద ఒక నల్ల కారు ఆగింది. అందులోంచి దిగినాయన తలెత్తి చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఓనరు. ఆయన అరుపు ఫోనులోంచి కూడా వినపడింది. "ఎవడ్రా నా అద్దాల మీద సున్నం కొట్టింది?"

"పాపా, బాబా?" అని అడిగాడు అన్నయ్య.

"పాప."

"నిద్రపోతోందా?"

గోడలక్క వంగి చూసింది. "పోతోంది అన్నయ్యా."

"సరే అయితే" అన్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. తర్వాత ఫోను పక్కకి పెట్టి కిందకి కేక వేశాడు. "నేనే కొట్టానండీ! అది పోదు, ఎంత తుడిచినా పోదు! దిగొచ్చి చెప్తాను, ఆగండి!"

తాళ్ళు కదిలాయి. తొట్టె మెల్లమెల్లగా కిందకి దిగడం మొదలుపెట్టింది. ఓనరు కాలిబాట మీద అటూ ఇటూ తిరుగుతూ, దాని కోసం కాచుకుని ఉన్నాడు.

గోడలక్క ఫోను చేతిలో పట్టుకునే మెట్ల మీదికి పరిగెత్తింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయింది. అన్నయ్య నేల మీద కాలు పెట్టేసరికి పక్కన తను ఉండాలి.